సౌలు కవచము, దావీదు వడిసెల



నేను పరిచర్యలోనికి వచ్చిన తొలి దినములలో బిడ్డల చదువును గూర్చి తల్లిదండ్రులు నన్నడిగిన ప్రశ్నలు కొద్దిపాటివి. ఏ హాస్టలులో చేర్పించవలెను, ఫీజు తగ్గింపునకు ఉత్తరము వ్రాసి యిత్తురా, ఆడపిల్లను పదవ తరగతి తరువాత పై చదువునకు పంపవచ్చునా, ఇంతియే. ఇప్పుడట్లు కాదు. మన పల్లెలనుండి పోయిన బిడ్డలు సముద్రముల కావల కాపురములు చేయుచున్నారు. అక్కడనుండి వచ్చు ప్రశ్నలు మన తాతలు విననివి. అట్టి ప్రశ్న యొకటి గత వేసవిలో నా యొద్దకు వచ్చినది. పిల్లవానిని బడి మాన్పించి తల్లియే యింటివద్ద చదువు చెప్పవచ్చునా? చరిత్ర యంతయు కథల పుస్తకములుగా ఒక పెట్టెలో పెట్టి అమ్ముచున్నారు; ఆ పెట్టె మా యింటికి తగునా?

అడిగినది మా సంఘములో పుట్టి పెరిగిన బిడ్డ. మాది దివిసీమ. ఆమె తండ్రి మిషను బడిలో ముప్పది యేండ్లు పంతులుగా నుండి విశ్రాంతి తీసికొనిన పెద్ద. ఆమె ఇంజనీరింగు చదివి, పెండ్లియై, భర్తతో టెక్సాసు రాష్ట్రమునకు పోయి పదేండ్లాయెను. భర్త ఉద్యోగపు వీసాను ఆధారము చేసికొనిన వీసా గనుక ఆమెకు అక్కడ పని చేయు అనుమతి లేదు. కుమారునికి తొమ్మిదేండ్లు, కుమార్తెకు ఆరు. భర్తది కాంట్రాక్టు పని. ఒక ఊరిలో ముగిసిన మరియొక ఊరు. నాలుగేండ్లలో పిల్లవాడు మూడు బడులు మారెను. చదువులో వెనుకబడెను. అంతకన్న ముఖ్యముగా, మాటలాడుట తగ్గించెను. బడిలో తన్నెవరును ఎరుగరని వాడొక రాత్రి తల్లితో చెప్పెనట. ఆ మాటయే ఆమెను ఈ ఆలోచనకు తెచ్చెను.

ఆమె తండ్రికి ఈ సంగతి పిడుగుపాటువలె నుండెను. కారణము మీరెరుగుదురు. ఆయన తండ్రి కాలమున ఊరిబడి అరుగు మీద కూర్చుండుటకు కూడ మన పిల్లలకు చోటు లేదు. మిషను బడి తలుపు తెరచినందుననే ఆ యింటిలోనికి అక్షరము వచ్చెను. "అయ్యగారూ, బడిలోనికి పోవుటకు మా నాయన యెన్ని అవమానములు పడెనో నాకు తెలియును. ఇప్పుడు నా మనుమని బడిలోనుండి తీసికొని వత్తురా? దీనికి మీరు ఒప్పుకొందురా?" అని ఆరాధన ముగిసిన తరువాత వేపచెట్టు క్రింద నన్ను నిలదీసెను. ఒక వైపు కుమార్తె, ఒక వైపు తండ్రి. ఇరువురును నాకు అప్పగింపబడినవారే. కాబట్టి ఏదో యొక మాట చెప్పి తప్పించుకొనుటకు వీలులేక, ఆ పెట్టెలో నేమున్నదో తెలిసికొన పూనుకొంటిని.

పెట్టెలో నున్నది ఏమనగా: బడిలో నుండునట్టి చరిత్ర పాఠ్యపుస్తకమొక్కటి కాదు, కథల పుస్తకములు, జీవిత చరిత్రలు, నవలలు, దైవజనుల చరిత్రలు, ఇరువది ముప్పది కూడ నుండవచ్చును. వాటితో తల్లికి ఒక మార్గదర్శిని. సంవత్సరమును 36 వారములుగా విభజించి, ఏ దినమున ఏ పుస్తకములో ఏ అధ్యాయము చదువవలెనో, చదివిన తరువాత ఏ ప్రశ్న అడుగవలెనో అందు వ్రాసియుందురు. గోడమీద అంటించుటకు కాలరేఖ యొకటి. చదివిన ప్రతి మనుష్యుని బొమ్మను ఆ యా సంవత్సరమువద్ద అతికింతురు. జరిగిన ప్రతి చోటును పటములో గురుతు పెట్టుదురు. ఆ బిడ్డ తాను చూచుచున్న మార్గదర్శిని పుటలను ఫోనులో పంపగా, కండ్లద్దములు పెట్టుకొని రెండు రాత్రులు చదివితిని.

ఈ పద్ధతి నిన్న మొన్నటిది కాదు. ఇంగ్లండులో షార్లెట్ మేసన్ (1842–1923) అను ఉపాధ్యాయిని, ఎండిన పాఠ్యపుస్తకములు బిడ్డల ఆత్మను పోషింపవనియు, ఒక మనుష్యుడు ప్రేమతో వ్రాసిన సజీవమైన పుస్తకము వారికి కావలెననియు బోధించెను. ఆమె పద్ధతిలో ముఖ్యమైన దొకటి యున్నది. పాఠమును ఒకసారి చదివి వినిపించిన తరువాత, బిడ్డ విన్నదానిని తన సొంత మాటలతో తిరిగి చెప్పవలెను. అమెరికాలో బాల్టిమోర్ నగరపు కాల్వర్ట్ పాఠశాల 1906లోనే యింటి చదువునకు పాఠములను టపా ద్వారా పంప నారంభించెను. దూరదేశములలో నున్న మిషనరీ కుటుంబములు పెక్కు వాటితోనే పిల్లలకు చదువు చెప్పుకొనెను. ఆ పాఠశాల పెద్ద వర్జిల్ హిల్యర్ 1924లో పిల్లల కొరకు వ్రాసిన లోకచరిత్రను నేటికిని ఇంటిబడులలో చదువుచున్నారు. 1990లో జాన్, సరీటా హోల్జ్‌మన్ దంపతులు కొలరాడోలో ప్రారంభించిన సన్‌లైట్ అను సంస్థయు మొదట మిషనరీ కుటుంబములను మనస్సులో నుంచుకొని పుట్టినదే. ఆ పేరు వ్రాసిన తీరులోనే 'కుమారుని వెలుగు' అను అర్థమున్నది. దాని తరువాత ఇట్టి పెట్టెలు అనేకములు వచ్చినవి.

మన తెలుగు దేశమునకు వచ్చిన దొరలకును దొరసానులకును ఈ ప్రశ్న యెదురాయెనని మనము మరచితిమి. వారిలో పలువురు 1901లో కొడైకానల్‌లో ప్రారంభమైన బడికి తమ బిడ్డలను పంపి, నెలల తరబడి వారి ముఖము చూడక కన్నీరు విడిచిరి. కొందరు తల్లులు బంగళా వరండాలోనే పాఠములు చెప్పిరి. అనగా నేడు మన బిడ్డ టెక్సాసులో నిలుచున్న చోటనే వారు మన పల్లెలలో నిలిచిరి. పరదేశములో బిడ్డను పెంచు తల్లి ప్రశ్న ఏ కాలమందైనను ఒక్కటే. నా బిడ్డకు నేనేమి అప్పగింతును?

ఈ పద్ధతిలో మేలున్నదని నేను నా అనుభవముచేతనే సాక్ష్యమిత్తును. వేదాంత కళాశాలలో సంఘచరిత్ర చదువునప్పుడు నాకు తేదీల పట్టిక యొకటి యుండెను. దానిని పరీక్షకొరకు కంఠస్థము చేసితిని, పరీక్షతోనే అది పోయెను. కాని అగస్టీను తన తల్లియైన మోనికా కన్నీటి ప్రార్థనలను గూర్చి తానే వ్రాసిన గ్రంథమును చదివినప్పుడు నాల్గవ శతాబ్దము నా కెదుట లేచి నిలువబడెను. నేటికిని నేనది మరువలేదు. మనుష్యుని ద్వారా వచ్చిన చరిత్ర మనుష్యునిలో నిలుచును. మన ప్రభువు కూడ రాజ్యమును గూర్చి చెప్పవలసినప్పుడు, విత్తువాని కథతోను ఇల్లు విడిచిన కుమారుని కథతోను చెప్పెను గదా!

అయితే మంచి వస్తువు వేరు, మన కొలతకు సరిపడు వస్తువు వేరు. ఇక్కడ 1 సమూయేలు 17:38–39 నాకు వెలుగైనది. సౌలు తన సొంత కవచమును దావీదునకు తొడిగెను. అది చెడ్డ కవచము కాదు. రాజుగారి కవచము, రాజ్యములోనెల్ల శ్రేష్ఠమైనదై యుండవచ్చును. సౌలు ఉద్దేశమును చెడ్డది కాదు. దావీదు దానిని తొడుగుకొని నడువ యత్నించెను, నడువలేకపోయెను, తీసివేసెను. దావీదు చేసిన దానిలో రెండు సంగతులు గమనించుడి. తొడుగుకొనకముందే అది పనికిరాదని అతడు త్రోసివేయలేదు, తొడుగుకొని చూచెను. సరిపడనప్పుడు రాజుగారిని నిందింపను లేదు. ఈ తీరుననే ఆ పెట్టెను కూడ చూడవలెనని, ఆ తల్లిని నేను కొన్ని ప్రశ్నలు అడిగితిని. అవి ఇట్టి నిర్ణయము చేయు ఏ కుటుంబమునకైనను పనికివచ్చునని ఇక్కడ వ్రాయుచున్నాను.

మొదటిది, చదివెడి కంఠము ఎవరిది? ఈ పెట్టె తనంతట తాను బోధింపదు. దినదినము గంటకు పైగా, కొన్ని దినములలో రెండు గంటలు, తల్లిగాని తండ్రిగాని బిగ్గరగా చదువవలెను. వంట యున్నను, తలనొప్పి యున్నను, చిన్నది యేడ్చుచున్నను చదువవలెను. ఈ మాట విని ఆ బిడ్డ కొంతసేపు మౌనముగా నుండెను. "అయ్యగారూ, నేను పదవ తరగతివరకు తెలుగు మీడియము. నా యింగ్లీషు ఉచ్చారణ విని వాడు నవ్వునేమోయని భయము" అనెను. నేనిట్లంటిని: "అమ్మా, నవ్వనిమ్ము. నవ్వుటకైనను వాడు వినవలెను గదా! నీ నోట విన్న కథ వాడు నీ నోటితోనే జ్ఞాపకముంచుకొనును." తిమోతి విశ్వాసము మొదట అవ్వయైన లోయిలోను, తల్లియైన యునీకేలోను నివసించెనని పౌలు వ్రాసెను (2 తిమోతి 1:5). వారి గ్రీకు ఉచ్చారణ యెట్లుండెనో ఆయన వ్రాయలేదు.

రెండవది, ఇద్దరు బిడ్డలకు ఒక్క పెట్టె చాలునా? ఇట్టి పెట్టె ఒక వయస్సువారిని మనస్సులో నుంచుకొని కూర్చబడును. తొమ్మిదేండ్లవానికి తగిన యుద్ధపు కథ ఆరేండ్ల దానికి రాత్రి కలవరము పుట్టించవచ్చును. చరిత్ర మట్టుకు ఇద్దరికి కలిపి చదివి, ఎవరంతట వారు చదువుకొను పుస్తకములను వేరు చేయుట కొందరు తల్లుల పద్ధతి. అది మంచిదే. వేర్వేరు పెట్టెలు రెండు తెచ్చిన తల్లికి మాత్రము ఒక్క దినములో రెండు దినముల పని యగును.

మూడవది, ఖర్చు. గోపురము కట్టగోరువాడు ముందుగా కూర్చుండి లెక్క చూచుకొనవలెనని ప్రభువు చెప్పెను (లూకా 14:28). ఇట్టి పెట్టె కొన్ని వందల డాలర్లు. అందులో చరిత్ర, సాహిత్యము, కొన్నిట బైబిలు పాఠములు ఉండును గాని లెక్కలు, విజ్ఞానశాస్త్రము వేరుగా కొనవలెను. పైన చెప్పిన సన్‌లైట్ సంస్థవారు తమ పెట్టె ఎవరికి సరిపడదో ఆ కారణములను ఒకప్పుడు తామే పట్టికగా వ్రాసి ప్రకటించిరి. కొనువానిని ముందుగా హెచ్చరించు వర్తకుని మాట వినదగినది. మరియు అమెరికాలో ఊరూర ప్రజా గ్రంథాలయములున్నవి. పట్టికలోని పుస్తకములు పెక్కు అచ్చట ఉచితముగా దొరకును. ఒకరు వాడి విడిచిన పెట్టె మరియొకరు సగము వెలకు కొనుటయు కలదు. అప్పు చేసి కొనవలసిన చదువు పెట్టె ఏదియు లేదని ఆ అబ్బాయితోను ఆ అమ్మాయితోను కలిపి చెప్పితిని.

నాల్గవది, చట్టము. అమెరికాలో యాభై రాష్ట్రములలోను ఇంటిబడి చట్టసమ్మతమే. అయితే నియమము రాష్ట్రమునకొక తీరు. టెక్సాసులో ముందుగా అధికారులకు తెలియజేయవలసిన పనియు లేదు. పెన్సిల్వేనియాలో ప్రమాణపత్రము దాఖలు చేసి, ఏటేట బిడ్డ చేసిన పనిని చూపి మదింపు చేయించుకొనవలెను. న్యూయార్కులో మూడు నెలలకొకసారి నివేదిక పంపవలెను. కాంట్రాక్టు మారి మరియొక రాష్ట్రమునకు పోవు కుటుంబము దీనిని ముందుగానే తెలిసికొనవలెను. మన దేశమున సంగతి వేరు. 2009 నాటి విద్యాహక్కు చట్టము 6 మొదలు 14 ఏండ్ల బిడ్డలకు ఉచిత నిర్బంధ విద్యను ఏర్పరచినది. కాబట్టి నా యీ వ్యాసము చూపి ఇక్కడ ఎవరును బిడ్డను బడి మాన్పించి గేదెల వెంట పంపకుందురు గాక!

ఐదవది, ఇది అన్నిటికన్న లోతైనది. ఆ పెట్టె ఎవరి కొలతకు కుట్టబడినది? వాటిలో పెక్కింటి చరిత్ర ఐగుప్తులో మొదలై, గ్రీసు, రోము, ఐరోపా మీదుగా అమెరికా చేరును. కుట్టినవారు తమ బిడ్డల కొలత తీసికొనిరి, అందులో తప్పులేదు. కాని మన బిడ్డ దానిని తొడుగుకొనినప్పుడు భుజములవద్ద బిగుసుకొనును. 1620లో మేఫ్లవర్ ఓడలో ఎవరు వచ్చిరో వానికి తెలియును. 1864 నవంబరు 1న బందరుమీద పడిన ఉప్పెనలో సుమారు 30,000 మంది పోయిరని తెలియదు. ఆ బందరు వాని తాతగారి ఊరికి కొద్ది దూరములోనే యున్నది. దైవజనుల జీవిత చరిత్రలలోను ఇంతే. ఒంగోలు క్లౌ దొరగారి పేరు ఇంగ్లీషు పుస్తకములలో కనబడును. 1866లో బాప్తిస్మము పొంది, తన వారి మధ్య సువార్తకు ద్వారము తెరచిన యెర్రగుంట్ల పేరయ్యగారి పేరు ఎంతమంది పిల్లలు విందురు? 1878 జూలై 3న గుండ్లకమ్మ యేటిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. నీటిలో దిగి ఆ బాప్తిస్మములిచ్చినవారు ఆరుగురు తెలుగు బోధకులు. ఈ సంగతి ఆ పిల్లవాని కాలరేఖమీద ఎవరు అతికింతురు? పెట్టె చేసినవారు అతికింపరు. అది తల్లిదండ్రుల పని.

ఆరవది, ఆ పుస్తకములు నిజము చెప్పుచున్నవా? బైబిలు దావీదును ప్రేమించియు అతని పాపమును దాచలేదు (2 సమూయేలు 11). ఇది చరిత్రకు మంచి గజముబద్ద. అమెరికా చరిత్ర పుస్తకమైనయెడల, 1865 వరకు సాగిన బానిసత్వమును గూర్చిన పుటలు మొదట తెరువుము. అక్కడి ఆదివాసులు నేలను పోగొట్టుకొనిన పుటలు తెరువుము. తమవారి పాపమును దాచిన పుస్తకము ఇతరుల పాపమును పెద్దది చేయును. పాత పుస్తకములను మరల అచ్చువేయునప్పుడు, నల్లనివారిని గూర్చియు తూర్పు దేశములవారిని గూర్చియు చులకన మాటలు కొన్నిట అట్లే నిలిచియుండును. నా బిడ్డ చర్మము ఆ మాటకు తగులునేమో తల్లి ముందుగా చదివి చూడవలెను. నవలలో జరిగినదేదో, కల్పించినదేదో బిడ్డకు విడదీసి చెప్పవలెను. బెరయవారు అపొస్తలుని మాటను కూడ పరిశోధించిరి గదా (అపొ. కార్యములు 17:11), పెట్టెమీద క్రైస్తవ నామమున్నంతమాత్రమున పరిశోధన మానరాదు. అట్లని అన్యుల పుస్తకము ముట్టవద్దనుటయు కాదు. మోషే ఐగుప్తీయుల విద్యలన్నియు నేర్చెను. దానియేలు కల్దీయుల శాస్త్రము చదివెను. ఇద్దరును తమ జనమును మరువలేదు.

ఈ ఆరు ప్రశ్నలకును ఆ దంపతులు ఒక కాగితముమీద జవాబులు వ్రాసి నాకు పంపిరి. పంపుచు, దావీదువలె ముందుగా తొడుగుకొని చూతుమనిరి. వేసవి సెలవులలో ఆరు వారములు, పెట్టె కొనకయే, వారి సంఘములోని యొక కుటుంబమునుండి పాత మార్గదర్శిని నెరవు తెచ్చి, పుస్తకములను గ్రంథాలయమునుండి తెచ్చిరి. ఆరు వారములలో తెలిసినదేమనగా: తల్లి కంఠము గంటన్నరకు మించి నిలువదు. చిన్నది కథ మధ్యలో నిద్రపోవును లేదా రంగులు వేయుటకు పోవును. దానికి తన బడియు స్నేహితులును ఇష్టము. పిల్లవాడు మాత్రము ఒక్క మాటయు విడువక వినును. కాని చదివిన తరువాత తిరిగి చెప్పుమన్నప్పుడు నోరు మెదపడు. తల్లికి అంతయు తెలిసినదే గదా, మరల చెప్పనేల అని వాని తర్కము.

ఈ అడ్డు తొలగించినవాడు తాతగారు. నేను ఆయనవద్దకు పోయి కూర్చుండి, ఆ పెట్టెను గూర్చి తెలిసినదంతయు చెప్పితిని. మేలును చెప్పితిని, కొరతయు చెప్పితిని. చివరకు ఇట్లంటిని: "పంతులుగారూ, మీ నాయన బడి గుమ్మము కోరుకొనినది గుమ్మము కొరకు కాదు, లోపల నున్న చదువు కొరకు, మనుష్యుడుగా ఎంచబడుట కొరకు. మీ మనుమడు బడిలో కూర్చున్నాడు గాని అక్కడ వానిని ఎరిగినవారు లేరు. మీ నాయన వెలుపల నిలువబడి పొందిన బాధయే వీడు లోపల కూర్చుండి పొందుచున్నాడేమో." ఆయన చాలసేపు మాటలాడలేదు. తరువాత ఒక షరతు పెట్టెను. "ఒక్క సంవత్సరమే. వాడు ఆ వారములో చదివిన చరిత్ర యంతయు శనివారము నాకు ఫోనులో చెప్పవలెను. తెలుగులో చెప్పవలెను. నేను పంతులును, వానికి వచ్చినదో రాలేదో నేను చూచెదను."

షార్లెట్ మేసన్ పేరు ఆయన వినలేదు. అయినను ఆమె చెప్పిన పద్ధతియే ఆయన పెట్టిన షరతు. మనకు శనివారము సాయంకాలము ఆరున్నర, వారికి అదే ఉదయము ఎనిమిది గంటలు. తల్లికి తెలిసిన కథను తల్లికి చెప్పనొల్లని పిల్లవాడు, కథ తెలియని తాతకు చెప్ప మొదలుపెట్టెను. మొదటి వారము నాలుగు మాటలు, సగము ఇంగ్లీషు. 'పిరమిడ్డు'కు తెలుగేమని వాడు అడుగగా, మన బడిలోను పిరమిడ్డే యంటిమని ఈయన నవ్వెను. వారములు గడచినకొలది మాటలు పెరిగినవి. ఒక శనివారము నోవహు జలప్రళయముతో పాటు పాత దేశముల వరదలను గూర్చి చెప్పుచు వాడు తాతను అడిగెను: "మీ ఊరికెప్పుడైనా వరద వచ్చెనా తాతయ్యా?"

1977 నవంబరు 19 రాత్రి దివిసీమలో నేమి జరిగెనో ఇక్కడివారికి నేను చెప్పనక్కరలేదు. సర్కారు లెక్క ప్రకారమే సుమారు 10,000 మంది ఉప్పెనలో పోయిరి. పంతులుగారికి అప్పుడు ఇరువదేండ్లు. ఆ రాత్రి ఆయన చెల్లెలు చేయి జారిపోయెను. ఆ మాట తన కుమార్తెకును ఆయన పూర్తిగా చెప్పియుండలేదట. ఆ సాయంకాలము మనుమనికి చెప్పెను. నేనప్పుడు అక్కడ లేను; మరునాడు ఆయనే నాకు తెలిపెను. పిల్లవాడు టెక్సాసులో గోడమీది కాలరేఖలో 1977వద్ద ఒక చిన్న ఆడపిల్ల బొమ్మను తన చేత్తో గీసి అతికించెను. పేరు తెలుగు అక్షరములలో వ్రాయుట ఎట్లని తల్లిని అడిగి వ్రాసెను. ఏ పెట్టెలోను రాని బొమ్మ అది.

నిర్ణయము ఈలాగు జరిగినది. చిన్నది బడికి పోవుచున్నది. పిల్లవాడు ఒక్క సంవత్సరము ఇంటనుండును. క్రొత్త పెట్టె కొనక, ఒకరు వాడినదానిని తక్కువ వెలకు తీసికొని, అందులో సగము పుస్తకములే చదువుచున్నారు. మిగిలిన చోట మన దేశపు కథలు పెట్టుచున్నారు. రాత్రి భోజనమైన తరువాత తండ్రి అరగంట చదువును. అప్పుడు చిన్నదియు వచ్చి కూర్చుండును. లెక్కల పుస్తకము వేరు. వారమునకు రెండు దినములు ఇతర పిల్లలతో ఆటలకు తీసికొని పోవుదురు, ఏలయనగా మాటలాడుట తగ్గించిన బిడ్డను నాలుగు గోడలలో పెట్టుట మందు కాదు. సంవత్సరము చివర బడి ద్వారము తెరచియే యుండును. నేనిది వ్రాయునప్పటికి నాలుగు నెలలాయెను. ఫలము ఎట్టిదో చెప్పుటకు కాలము చాలదు. విత్తినవారు కనిపెట్టవలసియున్నది.

మరియొక కుటుంబమునకు ఇవే ప్రశ్నలు వేరు జవాబును తెచ్చియుండవచ్చును. తల్లియు తండ్రియు ఇద్దరును ఉద్యోగమునకు పోవు ఇంటిలో ఈ పెట్టె కట్టు విప్పకుండనే పడియుండును. బడిలో సంతోషముగా నున్న బిడ్డను, పొరుగువారు చేసిరని మాన్పించుట జ్ఞానము కాదు. అట్టివారు బడిని బడిగానే యుంచి, రాత్రి పడుకొనుటకు ముందు ఒక మంచి పుస్తకమును చదివి వినిపించినయెడల, పెట్టెలోని మేలులో సగము వారి యింటికి వచ్చినట్టే.

పల్లెలలో నున్న నా ప్రియులారా, ఇది దూరదేశపు సంగతియని త్రోసివేయకుడి. మన బిడ్డలు బడికి పోవుచున్నారు, పోవలెను. కాని తమ యింటి చరిత్రను వారికి చెప్పు బాధ్యతను మనము బడికి అప్పగించి ఊరకుంటిమి. ఇశ్రాయేలీయులు యొర్దానులోనుండి పండ్రెండు రాళ్లెత్తి నిలిపినది, ముందు తరములో బిడ్డలు ఈ రాళ్లేమని అడుగవలెనని (యెహోషువ 4:6). ఇంట కూర్చున్నప్పుడును త్రోవను నడుచునప్పుడును బిడ్డలతో మాటలాడవలెనని మోషే ఆజ్ఞాపించెను (ద్వితీయోపదేశకాండము 6:7). దానికి డాలర్లు అక్కరలేదు.

ఈ మాసమందు ఒక పని చేయుడి. మీ యింటిలో అందరికన్న పెద్దవారి యొద్ద బిడ్డను కూర్చుండబెట్టుడి. మన యింటిలో మొదట బడికి పోయినవారెవరు, మొదట బాప్తిస్మము పొందినవారెవరు, ఏ కరవులో, ఏ తుపానులో, ఎవరి చేయి మనలను నిలిపెను అని అడిగించుడి. సంఘపు పాత రిజిస్టరులు తెరచి తాతముత్తాతల పేర్లు వారికి చూపుడి. విన్నదానిని బిడ్డ తన మాటలతో తిరిగి చెప్పువరకు విడువకుడి. ఆ పెద్దలు మనతో ఎల్లకాలము ఉండరు; వారు పోయిన తరువాత ఆ పుస్తకము ఏ గ్రంథాలయములోను దొరకదు.

పరదేశములోని తల్లులను, వారి బిడ్డలను, శనివారము సాయంకాలము ఫోనువద్ద కనిపెట్టుచున్న తాతలను ప్రభువు దీవించును గాక. ఆమేన్.